గున్వోర్‌ని అడుగు

ఒలెసుండ్ రేవు ఎదుట, పడవల బీమా సంఘం మూడో అంతస్తు.
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు అడిగే నవంబరు.
సిగ్వే ముందు ఖాళీ తెర.
సాల్మన్ పెంచే వలలకు కొత్తగా బీమా మొదలైంది.
చిరిగిన వల కాగితం ఏ బల్ల మీంచి ఏ బల్లకు నడవాలో
శుక్రవారానికల్లా గీసివ్వాలి.

మొదటి గీత నుంచి ఎవరు గీస్తారు?
బొంత కుట్టేవాళ్లు మగ్గం ముందు కూర్చోరు.
పాత నమూనాల కొట్టు తెరిచాడు.
ఇంజను దొంగతనాలు, మంచు బరువుకు విరిగిన కొయ్యలు,
ఎవరో మహానుభావుడు రెండేళ్లు చెమటోడ్చి గీస్తే
ఒక్కనాడూ వాడుకోని
తిమింగలం ఢీకొన్న దావా.
యంత్రం పోలికలు లెక్కగట్టి
హెర్రింగ్ పడవల నమూనాను ముందుకు తోసింది:
నూటికి ఎనభై ఒకటి.
అంటే, మేనమామ పోలికంత.

ఇక పని చకచకా సాగింది.
పడవ అన్నచోట వల.
సరంగు అన్నచోట యజమాని.
ఫ్యాక్సు పెట్టె పీకేశాడు, ఎవరూ ఏడవలేదు.
బాణాలు కొన్ని వంచాడు, కొన్ని కోశాడు.
చివరికొచ్చాక,
'దావా తిరస్కరించు' అనే పెట్టెకు సరిగ్గా ముందు
ఇంకో చిన్న పెట్టె:
గున్వోర్‌ని అడుగు.
పక్కన గడియారం బొమ్మ. రెండు రోజులు.

మిగతావి తెరిచి చూశాడు.
ఇంజన్లలో ఉంది. కొయ్యల్లో ఉంది.
తిమింగలంలో కూడా ఉంది గున్వోర్.

బోర్గిల్‌ని అడిగితే కాఫీ కప్పు కింద పెట్టింది.
"ఫోన్ల గదిలో కూర్చునేది.
ఏ పడవ పేరు చెప్పినా
దాన్ని నడిపేవాడి తల్లి పేరు చెప్పేది.
కాదని ఉత్తరం పంపేముందు ఆమెని ఓ మాట అడిగేవాళ్లం.
పోయి పదకొండేళ్లయింది."

పదకొండేళ్లుగా
లేని మనిషికి ప్రశ్న వెళ్తోంది,
రెండు రోజులు జవాబు కోసం నిలబడుతోంది,
రాకపోయేసరికి తలొంచుకుని ముందుకు కదులుతోంది.
తద్దినం నాడు పిల్లిని గంప కింద మూసినవాళ్లు పోయారు.
పిల్లీ పోయింది.
గంప మాత్రం నమూనా నుంచి నమూనాకు బోర్లిస్తూనే ఉన్నారు.

సిగ్వే నవ్వుకుని చెరిపేశాడు.
దారి రెండు రోజులు పొట్టిదైంది.
డైరెక్టరు ముఖం వెలిగే సంఖ్య అది.

కోటు వేసుకున్నాడు. ఒక చెయ్యి తొడిగాక
ఎందుకో పాత దస్త్రాల్లోకి తొంగిచూశాడు,
ఆ రెండు రోజుల్లో ఏం జరిగేదో అని.

ఇంజను నంబరు తప్పు రాశానని ఓ ఫోను.
తడిసి అంటుకుపోయిన రసీదు, పొయ్యి దగ్గర ఆరబెట్టి పంపినది.
'సోమవారం తాగి ఉన్నాను, అసలు తేదీ ఇదీ' అని
మూడు వాక్యాల ఉత్తరం.
సంతకం పెట్టబోతూ ఆ పేరు దగ్గర ఆగి,
కాగితం మళ్లీ మొదటి నుంచి చదివిన గుమస్తా.
తిరస్కరించబోయి నిలిపినవి
రెండు వందల పదకొండు.

ఖాళీ గంప కింద ఇన్నేళ్లూ
ఎవరో ఎలుకలు పడుతూనే ఉన్నారు.

కోటు విప్పలేదు. అలాగే కూర్చున్నాడు.
పెట్టెను వెనక్కి తెచ్చాడు.
పేరు మారుద్దామా?
'రెండు రోజులు ఆగు' అని రాస్తే
అర్థమవుతుంది, శుభ్రంగా ఉంటుంది.
శుభ్రంగా ఉంది కనుకే
రేపెవరో తెలివైనవాడు ఒకరోజు చేస్తాడు,
ఎల్లుండి ఇంకొకడు ఒక గంట.
మనిషి పేరైతే
చెరిపే ముందు ఎవరని అడగాలి,
ఇవాళ తను అడిగినట్టు.

కింద రేవులో ఆఖరి ఫెర్రీ కూత వేసింది.
అది తప్పితే నడకే.

పెట్టె మీద అక్షరం మార్చలేదు.
వ్యాఖ్యల గడిలో మాత్రం
తర్వాత కాపీ చేసుకునేవాడి కోసం
ఒక్క ముక్క రాశాడు:
తీసెయ్యకండి. అడిగాను.